తుపాకి కబుర్లు: ఇషాపూర్ రైఫిలు, పెన్సిల్వేనియా జింక

(సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి, సుబేదారుగా పదవీ విరమణ పొంది కడపలో ఉంటున్న మా శీర్షిక రచయిత పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: సుబేదారుగారికి నమస్కారం. మావాడు అమెరికాలో, పెన్సిల్వేనియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. హెచ్-1బీ వీసా. వాడి ఆఫీసులో ఒకాయన తన తాత దాచిన పాత మిలిటరీ తుపాకిని అమ్ముతానన్నాడట. దాంతో జింకల వేటకు పోవాలని వీడు ఉబలాటపడుతున్నాడు. ఫొటోలు పంపినాడు, వాటిని ఈ ఉత్తరంతో పెడుతున్నా. ఎనభై ఏళ్ల నాటి తుపాకి, ఎక్కడ మొహం మీదికి పేలుతుందోనని వాళ్లమ్మకు నిద్ర లేదు. నవంబరులో మేమిద్దరం అక్కడికి పోతున్నాం. నేను కూడా ఒక దెబ్బ కొట్టి చూడచ్చునా?
— ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: అన్నా, ఫొటోలు చూసినాక కాసేపు మీ ప్రశ్న సంగతే మరిచిపోయినా. రెండో ఫొటోలో బట్టు, అంటే భుజానికి ఆనించే చెక్క, మొదట్లో ఇనుప పట్టీ ఉంది చూడండి. దాని మీద కిరీటం, కిరీటం కింద జీ.ఆర్.ఐ., ఆ కింద ఇషాపూర్, 1942. భూతద్దం పెట్టి మూడుసార్లు చదువుకున్నా. జీ.ఆర్.ఐ. అంటే జార్జి, రాజు, చక్రవర్తి అని లాటిన్ మాటలకు పొడి అక్షరాలు. ఇషాపూర్ అంటే కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న మన రైఫిల్ ఫ్యాక్టరీ. ఏడు సముద్రాలు దాటిపోయి మీవాడు బేరం చేస్తున్నది మన దేశంలో పుట్టిన తుపాకినే.

దాని పూర్తి పేరు లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్. మనం పిలుచుకునే పేరు త్రీ నాట్ త్రీ. మీ ఊరి పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ భుజాన చిన్నప్పుడు మీరు చూసింది ఇదే బాపతు. 1962లో చైనా వాళ్లకు ఎదురుగా మన జవాన్ల చేతుల్లో ఉన్నదీ ఇదే. నాలుగు కిలోల బరువు, పది తూటాల మ్యాగజీను, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు, అది వెన్నలో కత్తి దిగినట్టు నడుస్తుంది. సికింద్రాబాద్‌లో సైన్యపు ఆయుధాలు, బండ్లు బాగుచేసే విభాగం ఇ.ఎం.ఇ. సెంటర్‌లో ఉస్తాద్ మా ముందు బల్ల మీద విప్పి పరిచిన మొదటి ఆయుధం ఇది. మళ్లీ బిగించడానికి నాకు ఆ రోజు మధ్యాహ్నం భోజనం పోయింది.

ఇక వాళ్లమ్మ భయం. ఎనభై ఏళ్లన్న లెక్క నన్ను భయపెట్టదు. ఆ ఎనభై ఏళ్లలో దాన్ని ఎవరెవరు ఏమేం చేసినారో, అదీ నా భయం. కాబట్టి డబ్బులు చేతులు మారకముందే మీవాడు కొన్ని చూసుకోవాల.

ముందు డీపీ అనే రెండక్షరాలు ఎక్కడన్నా కొట్టి ఉన్నాయేమో వెతకమనండి. ఎన్‌.సి.సి.లో చేరిన వాళ్లకు ఇది తెలుస్తుంది. డ్రిల్ పర్పస్ అని దాని అర్థం. కవాతుకు తప్ప కాల్చడానికి పనికిరాదని పక్కన పెట్టిన తుపాకి అన్నమాట. ఒకసారి ఒక కాలేజీ క్యాంపులో ఫైరింగ్‌కు పెట్టిన వరసలో డీపీ రైఫిలు ఒకటి కలిసిపోయి ఉంటే, పొద్దున్నే లెక్క చూస్తూ నేనే లాగి అవతల పెట్టినా. దాని పక్కన నిలబడిన పిల్లోడికి ఆ రోజు ఏం తప్పిందో ఈనాటికీ తెలియదు. రెండోది, ముందుభాగం చెక్క చుట్టూ తీగ చుట్టి ఉంటే కొనొద్దు. అట్లాంటివి గ్రెనేడ్లు విసరడానికి వాడినవి. ఆ దెబ్బలకు దాని ఎముకలన్నీ కదిలిపోయి ఉంటాయి. మీ ఫొటోలో తీగ లేదు, సంతోషం.

మూడోది నంబర్లు. బోల్టు పిడి వెనక ఒక నంబరు, బాడీ మీద ఒక నంబరు ఉంటాయి. రెండూ ఒకటే కావాల. వేరువేరుగా ఉన్నాయంటే ఎవరో ఒక తుపాకి బోల్టు తీసి ఇంకోదానికి తగిలించినారని. చూడటానికి సరిగ్గానే కూర్చుంటుంది, చిక్కంతా లోపల. మీ ఫొటోల్లో బోల్టు నంబరు పడలేదు.

ఆ చిక్కేందో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ‘మొహం మీదికి పేలడం’ అని మీరు రాసింది దీని గురించే. త్రీ నాట్ త్రీ తూటాకు అడుగున రూపాయి బిళ్ల అంచులా ఒక రిమ్ము ఉంటుంది. చాంబర్‌లోకి, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే గూటిలోకి, పోయినాక తూటా ఆగేది ఆ రిమ్ము మీదే. బోల్టు మూసినాక రిమ్ముకూ బోల్టు తలకూ మధ్య సందు ఎక్కువైతే, పేలినప్పుడు తూటా ఇత్తడి ఖోకా (గుల్ల) వెనక్కి సాగి నడుముకాడ తెగుతుంది. లోపలి గ్యాసు కాల్చేవాడి వైపు తన్నుకొస్తుంది. దీన్ని కొలవడానికి గేజీలు ఉంటాయి. 0.064 అంగుళాల గేజి మీద బోల్టు హాయిగా మూసుకోవాల. 0.074 అంగుళాల గేజి మీద మూసుకోకూడదు. రెంటి మధ్య తేడా ఎంతంటే మూడు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. ఆ మూడు వెంట్రుకల్లోనే ఉంది మీ ఇంటామె నిద్ర. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, నేను కూడా. తుపాకులు బాగుచేసే వాళ్ల దుకాణాలు అక్కడ ఊరూరా ఉంటాయి. అరపూట పని. ఆ పరీక్ష చేయించకుండా ఒక్క తూటా కూడా పెట్టొద్దని మీరు గట్టిగానే చెప్పండి.

గొట్టం లోపల గాడులు చూడమనండి. దీనికి అయిదు గాడులు, ఎడమ చేతివైపు తిరుగుతా పోతాయి. వెలుతురుకు ఎదురుపెట్టి చూస్తే మెరవాల. చీకట్లో పాత బావిలోకి తొంగిచూసినట్టు కనిపించిందంటే తుప్పు తినేసిందని. ఎందుకు తింటుందో కూడా చెప్పాల. పాత మిలిటరీ తూటాల టోపీలో, అంటే అడుగున మందుకు నిప్పంటించే చోట, పొటాషియం క్లోరేట్ వాడేవాళ్లు. అది కాలినాక గొట్టంలో ఒకరకం ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలో తేమను పీలుస్తుంది. నూనె గుడ్డతో ఎంత తుడిచినా ఉప్పు పోదు. ఉప్పు నీళ్లకే కరుగుతుంది. అందుకే పాతకాలం సిపాయిలు కాల్పులయినాక గరాటు పెట్టి గొట్టంలోకి మరిగే నీళ్లు పోసేవాళ్లు. ఆ తర్వాతే పుల్‌త్రూ (గొట్టంలోంచి లాగే తాడు), చిందీ (గుడ్డముక్క), నూనె. ఇప్పటి కొత్త తూటాలకు ఈ బాధ లేదు. చవగ్గా వస్తాయని మీవాడు ఎక్కడన్నా పాత మిలిటరీ తూటాల పెట్టె కొన్నాడంటే మాత్రం, ఆ సాయంత్రమే నీళ్లు కాచాల్సిందే.

ఇంతవరకూ చెప్పింది మీవాడి క్షేమం. ఇప్పుడు జింక సంగతి. నిజానికి నాకు రాయాలనిపించింది ఇదే.

పాత మిలిటరీ తూటాల పెట్టె వద్దనడానికి తుప్పు చిన్న కారణం. యుద్ధానికి చేసిన గుండు చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అది ఒళ్లు దూరి అవతలికి పోతుంది, విచ్చుకోదు. ఎందుకట్లా చేసినారంటే దానికి మన దేశంలోనే మొదలైన కథ ఉంది. 1890ల్లో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో ఇదే త్రీ నాట్ త్రీకి ముక్కు మెత్తగా ఉండే గుండు చేసినారు. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకునేది. ఆ గాయాలు చూసి గగ్గోలెత్తింది. 1899లో హేగ్‌లో దేశాలన్నీ కూర్చున్నప్పుడు విచ్చుకునే గుండ్లు యుద్ధంలో వాడరాదని ప్రకటన చేసినారు. అప్పటినుంచి సిపాయి గుండుకు నిండు తొడుగు. వేటలో లెక్క తిరగబడింది. మనిషి మీద వాడకూడదన్న గుండే జింక మీద వాడాల. పెన్సిల్వేనియా సహా అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింకల వేటకు విచ్చుకునే గుండే వాడాలని నిబంధన. దాన్ని సాఫ్ట్ పాయింట్ అంటారు. త్రీ నాట్ త్రీకి 150 గ్రెయిన్లు, 180 గ్రెయిన్ల బరువుల్లో దొరుకుతుంది. జింక అక్కడికక్కడే పడాల, లేదంటే కనుచూపు మేరలో పడాల. అదీ ఈ నిబంధన వెనకున్న ఉద్దేశం.

నేను జీవితంలో ఒక్క జంతువును కొట్టలేదు. కొట్టిన వాళ్ల వెనక నడిచినా. 1960ల్లో, నాకు పదేళ్లుంటాయేమో, మా మేనమామ నాటు తుపాకిలో ఇనుప రవ్వలు దట్టించి బద్వేలు వైపు లంకమల పాదాన ఒక దుప్పిని కొట్టినాడు. దెబ్బ పొట్టలో తగిలింది. అది పరిగెత్తింది. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు పట్టుకుని కంపల్లో తిరిగినాం. రాళ్ల మీద చుక్క కనబడితే మామ వేలు పెట్టి తడి చూసేవాడు. దొరకలేదు. మూడో రోజు గద్దలు తిరుగుతుంటే పోయి చూసినాం. మామ ఆ పొద్దు అన్నం ముట్టలేదు, ఆ తర్వాత తుపాకి కూడా. పక్కకు పోయి పడిన గుండును, విచ్చుకోని గుండును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ తడి రాళ్లే కళ్ల ముందుకొస్తాయి.

అందుకే గురి గురించి ఇంకొక మాట. ఈ తుపాకి వెనక సైటు మీద 200 గజాల నుంచి 2,000 గజాల దాకా గీతలుంటాయి. రెండు వందలకు తక్కువ గీత లేదు. వాడు కూర్చునేది అడవిలో, జింక కనిపించేది యాభై గజాల్లోనో వంద గజాల్లోనో. 200 గీత పెట్టి సూటిగా గురి చూస్తే దెబ్బ అనుకున్నదానికన్నా పైన పడుతుంది. ఎంత పైన పడుతుందో తన తుపాకితో, తను వాడబోయే తూటాతో కాగితం మీద కాల్చి తెలుసుకోవాల. సీజనుకు నెల ముందు ఫైరింగ్ రేంజికి పోయి నలభై తూటాలన్నా ఖర్చుపెట్టమనండి. చిన్న పళ్లెమంత చోట వరసగా అయిదు పడేంత దూరమే వాడి వేట దూరం. అంతకు ఒక్క గజం అవతల ఉన్న జింక వాడిది కాదు. గురి ముందుకాలి వెనక, ఛాతీ మీద. తలకు గురిపెట్టే సినిమా వేషాలు వద్దు. దుర్బీను బిగించుకోవడానికి తుపాకికి బెజ్జాలు వేయించొద్దని కూడా చెప్పండి. 1942 నాటి దాని ఒళ్లు చెక్కుచెదరకుండా వచ్చింది, మనవాడి చేతిలో తూట్లు పడటం నాకు ఇష్టం లేదు. ఇది నియమమేం కాదు, నా చాదస్తం.

ఆఫీసులో ఇంకెవరన్నా అమెరికా సైన్యపు పాత గరాండ్ కొనమని సలహా ఇస్తే వద్దనాల. మంచి తుపాకే, కానీ దెబ్బ వెనక దెబ్బకు తనంతట తానే తూటా ఎక్కించుకునే రకం. పెన్సిల్వేనియాలో జింకల వేటకు అట్లాంటివి ఒప్పరు. బోల్టు లాగే మన ఇషాపూరుకు ఆ అడ్డంకి లేదు.

అసలు చిక్కు వీసా. ఇది మీవాడికి ఎవరన్నా చెప్పినారో లేదో. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే. వాటిలో ఒకటి చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అంటే ముందు వేట లైసెన్సు, తర్వాతే తుపాకి. మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు అక్కడ వేట పాఠాల తరగతికి పోయి పరీక్ష పాస్ కావాల. ఆ లైసెన్సు గడువు తీరిపోయి తుపాకి ఇంట్లో ఉంటే మళ్లీ తప్పే. ఉద్యోగం, గ్రీన్‌కార్డు దరఖాస్తు అన్నీ దీనికి ముడిపడి ఉన్నాయి కాబట్టి, కొనకముందే తన వీసా పనులు చూసే వకీలును ఒక మాట అడగమనండి.

ఇక మీరు. విజిటర్ వీసా మీద పోతారు, అదీ తాత్కాలిక వీసానే. కాబట్టి ‘ఒక దెబ్బ’ మాట మరిచిపోండి. ఫొటో కోసం చేతిలో పట్టుకోవడం కూడా వద్దు. అక్కడ తుపాకి జింకల సీజను నవంబరు చివర్లో, వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ అయిన శనివారం మొదలవుతుంది. వేటకు పోయేవాళ్లు తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మేర కళ్లు చెదిరే నారింజ రంగు బట్ట వేసుకోవాల. ఇంకో వేటగాడు మనిషిని జింకనుకోకుండా. వాడు ఆ రంగు వేసుకుని పోతాడు, మీరు ఇంట్లో చలికి రగ్గు కప్పుకుని వాళ్లమ్మతో పాటు ఎదురుచూడండి. తిరిగొచ్చేటప్పుడు జ్ఞాపకానికని తూటా ఒకటి సూట్‌కేసులో వేసుకునేరు. మన విమానాశ్రయంలో తూటా ఒక్కటి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే.

బోల్టు నంబరు ఫొటో తీయించి పంపండి. ఇది నా ఆశ అనుకోండి.

ప్రశ్న: సార్, మాది కర్నూలు జిల్లా ఆస్పరి దగ్గర పల్లె. కృష్ణజింకలు మందలు మందలుగా వచ్చి కంది మొలకలు, బుడ్డల చేను మేసిపోతున్నాయి. మిలిటరీ వాళ్లు పాత తుపాకులు వేలం వేస్తారంట గదా, మాలాంటి రైతులకు ఒకటి ఇప్పించే దారి ఏమన్నా ఉందా? ఊరికే బెదిరించేదానికే.
— ఒక రైతు

జవాబు: తమ్ముడా, పైన ప్రొద్దుటూరు అన్నకు రాసిందంతా అమెరికా సంగతి. అందులో ఒక్క అక్షరం మన దగ్గర పనికిరాదు. మన సైన్యం పాత రైఫిళ్లు జనానికి వేలం వెయ్యదు. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు; త్రీ నాట్ త్రీ మన చట్టంలో నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. లైసెన్సు లేకుండా అట్లాంటిది దొరికితే 2019 సవరణ తర్వాత ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా జైలు. మామూలు ఆయుధ లైసెన్సు తీసుకున్నవాళ్ల కోసం ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 బోరుతో వేరే రైఫిలు చేసేది ఇందుకే.

పంట కాపలాకని 1959 ఆయుధాల చట్టంలో ఒక వెసులుబాటు ఉంది నిజమే. మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు అడగచ్చు. కానీ ఆ లైసెన్సు ఉన్నా కృష్ణజింక మీద పేల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, పైగా మన రాష్ట్ర జంతువు. పంట తినిందని దాన్ని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కూడా అనుమతి ఇవ్వలేడు. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, నయం కాని రోగంతో ఉంటేనో తప్ప. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా శిక్ష, పాతికవేలకు తక్కువ కాని జరిమానా.

నీ కడుపుమంట నాకు తెలుసు. విత్తనం, ఎరువు, కూలి అన్నీ అప్పు మీద నడుస్తుంటే తెల్లారేసరికి సాలు సాలంతా కొరికిపోయిన చేను చూడటం మాటలు కాదు. రోళ్లపాడులో 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టినారు, ఆ గడ్డి భూముల్లో ఈ జింకలు కూడా బతుకుతున్నాయి. వాటికి గట్టు తెలియదు. గడ్డి మైదానాలు చేలయిపోయినాక అవి పోయే చోటు కూడా ఏది? ఇద్దరిదీ తప్పు లేని తగవు ఇది.

బెదిరించడానికి తుపాకి అక్కర్లేదు. మొలక దశ మూడు నాలుగు వారాలే ప్రాణాంతకం. అప్పుడు గట్ల వెంబడి పాత చీరలు నడుము ఎత్తున లాగి కట్టు. గాలికి కదిలితే కొన్నాళ్లు జడుస్తాయి. అలవాటు పడకముందే రంగులు మార్చు, చోటు మార్చు. తెల్లవారుజాము కాపలా ముఖ్యం, పక్క చేల వాళ్లతో వంతులు వేసుకోండి. నష్టం జరిగిన రోజే ఫొటోలు తీసి, వి.ఆర్.ఓ.తో రాయించుకుని అటవీ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టు, రసీదు తీసుకో. ఆలస్యమైతే ఎండిపోయిన మొలకను చూపించి ఏం చెప్తావు?

కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. జింకకన్నా ముందు నీళ్లు కట్టడానికి వచ్చిన నీ పక్కింటోడు పడతాడు.

ప్రశ్న: మా పాత మిద్దెలో ముత్తాత కాలం నాటి జింక కొమ్ములు గోడకు ఉన్నాయి. కాగితాలు ఏమీ లేవు. ఇల్లు పడగొడుతున్నాం. అమ్ముకోవచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మకూడదమ్మా. సొంతదారు సర్టిఫికెట్ లేని కొమ్ములు ఇంట్లో ఉండటమే తప్పు. ఇట్లాంటివి ప్రకటించుకోవడానికి ప్రభుత్వం 2003లో ఒకసారి గడువిచ్చింది, అప్పుడు మీ పెద్దవాళ్లు కాగితం పెట్టినారేమో పాత ట్రంకుపెట్టెలో వెతకండి. ఉంటే వారసత్వం కింద మీ పేరిట మార్పించుకోవచ్చు. లేకపోతే ఒక వకీలును వెంటబెట్టుకుని డి.ఎఫ్.ఓ. (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకు పోయి, దొరికిన సంగతి రాసిచ్చి అప్పగించండి. కూలీలు మిద్దె మీదికి ఎక్కకముందే పోండి, ఎవరో ఒకరు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినాక మీరు స్వయంగా వచ్చినట్టు లెక్క కాదు.